ఫొటోలతో కథ చెప్పాలంటే: దక్షిణ ఒడిశా తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, గోపాల్‌పూర్, పర్లాకిమిడి, గుణుపూర్, జయపురం వైపు ఫొటోలు తీసే తెలుగు పిల్లలు అడిగే సందేహాలివి. కొందరు పెళ్లి ఫొటోలతో బతుకుతున్నారు, కొందరికి ఫోను తప్ప వేరే సామాను లేదు. అడిగే మనిషి మారినా సందేహం మాత్రం అదే వస్తోంది కాబట్టి ఒకచోట రాసి పెట్టాను. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, ఏ జవాబుకి ఆ జవాబే పూర్తి. ఇందులో కొన్ని చట్టాలు, కొన్ని పద్ధతులు, కొన్ని ఉత్త నా అభిప్రాయాలు. ఏది ఏదో చదువుతుంటే తెలిసిపోతుంది.

## కథ ఎంచుకునేటప్పుడు

మంచి ఫొటోలు పది ఉంటే అది కథ కాదా అన్నా?

కాదు. పది మంచి ఫొటోలు పది మంచి ఫొటోలే. కథ కావాలంటే ఒక మనిషో, ఒక చోటో, ఒక పనో ఉండాలి, దాంట్లో ఏదో జరగాలి. తర్వాతేమైందో చూడాలనిపించాలి. గోపాల్‌పూర్ ఒడ్డున సూర్యోదయం, పడవ, వల, నవ్వుతున్న ముసలాయన: ఇవి క్యాలెండర్‌కి సరిపోతాయి. అదే పడవ రాత్రి ఎన్నింటికి వెళ్లింది, డీజిల్ ఖర్చు ఎవరు పెట్టారు, ఒడ్డుకొచ్చిన చేపకి ధర ఎవరు కట్టారు, బేరం జరుగుతుంటే ఇంటావిడ మొహం ఎలా ఉంది అన్నవి తీస్తే కథ మొదలవుతుంది.

దీనికి పాఠంగా ఇప్పటికీ చూపించేది 1948 సెప్టెంబరులో అమెరికా ‘లైఫ్’ పత్రికలో వచ్చిన పల్లెటూరి డాక్టర్ కథ. కొలరాడో రాష్ట్రంలో క్రెమ్లింగ్ అనే చిన్న ఊరు. అక్కడి డాక్టర్ ఎర్నెస్ట్ సెరియాని వెంట ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ 23 రోజులు తిరిగాడు. వైద్యం గొప్పదని చెప్పే ఫొటోలు కావవి. ఒక్క మనిషి మీద ఊరంతా ఎలా ఆధారపడి ఉందో, ఆ బరువు ఆయన్ని ఏం చేస్తోందో కనిపిస్తుంది.

మా ఊళ్లో తీయడానికి ఏముంది? కొరాపుట్ కొండలకి వెళ్లాలా?

అక్కర్లేదు. దూరం వెళ్లినవాడికి దృశ్యాలు దొరుకుతాయి, కథలు మాత్రం మళ్లీ మళ్లీ వెళ్లగలిగిన చోటే దొరుకుతాయి. మీ ఇంటి నుంచి సైకిల్ మీద వెళ్లి రాగలిగినంత దూరంలో వెతకండి.

కావాలంటే కొన్ని దారులు చెప్తాను. నౌపడా–గుణుపూర్ లైను పర్లాకిమిడి రాజుల కాలం నాటి చిన్న రైలు. 2004లో ఆగి, బ్రాడ్‌గేజ్ అయి 2011లో మళ్లీ నడిచింది. రెండు రాష్ట్రాల మధ్య అటూ ఇటూ కూరగాయలు, విద్యార్థులు, రోగులు ఆ బండిలోనే. పర్లాకిమిడిలో కొమ్ముతో బొమ్మలు చెక్కేవాళ్లు ఎంతమంది మిగిలారు? ఛత్రపూర్ చుట్టుపక్కల మొగలిపూల నుంచి అత్తరు తీసే భట్టీలు ఎలా నడుస్తున్నాయి? సూరత్ మరమగ్గాలకి మగవాళ్లు వెళ్లిపోయిన గంజాం పల్లెల్లో పొలం పని ఎవరు చూస్తున్నారు? ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఫోన్లో హిందీ మాట్లాడే పదేళ్ల పిల్ల రోజంతా ఎలా గడుస్తుంది? వీటిలో ఏ ఒక్కటైనా ఏడాది పనికి సరిపోతుంది.

ఠాకురాణి యాత్ర అందరూ తీసేశారు కదా, నేను కొత్తగా ఏం తీయను?

అందరూ తీసింది యాత్రలో నాలుగు విషయాలే. పులి వేషం, రథాలు, దీపాల తోరణాలు, అమ్మవారి ఘటాలు. ఆ ఫొటోలు మీరూ తీసుకోండి, తప్పులేదు. కానీ కథ వాటి వెనకాల ఉంది.

బరంపురం బుఢీ ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి, చైత్రంలో. అమ్మవారు గుడి నుంచి పుట్టింటికి వచ్చినట్టు దేశిబెహెరా వీధిలో తాత్కాలిక మండపానికి వస్తుంది. ఆ పుట్టింటి పెద్ద నేతవాళ్ల కులపెద్ద, దేశిబెహెరా. ఆ నేతవాళ్లు, అంటే డేరా కులంవాళ్లు, తెలుగు నేల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. అంటే ఒడిశాలోని ఓ పెద్ద ఊరి దేవత పుట్టిల్లు మగ్గాలవాళ్ల ఇల్లు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే చాలు.

పండగ లేని ఏడాది తీయండి. మండపం ఉండే చోట మామూలు రోజుల్లో ఏం జరుగుతుంది, మొక్కుకున్న వేషానికి డబ్బు ఎలా కూడబెడతారు, పులి వేషం వేసేవాడు పగలు ఏం పని చేస్తాడు, రంగు ఒంటి మీద ఆరేదాకా ఎంతసేపు కదలకుండా నిలబడాలి, తెల్లారి ఆ రంగు ఎవరు కడుగుతారు. యాత్ర రాత్రుల్లో కూడా జనం వైపు కాకుండా ఒకే ఇంటి గుమ్మం వైపు తిరిగి నిలబడండి. చుట్టాలు దిగుతారు, వంటలు అవుతాయి, అలిగినవాళ్లు అలుగుతారు, ఘటం వచ్చే వేళకి అందరూ బయటికొస్తారు. ఊరేగింపు మీ ఫొటోలో ఆ గుమ్మం ముందు నుంచి వెళ్తుంది. నన్నడిగితే ఇంతవరకూ సరిగ్గా తీయనిది ఇదే.

తుపాను వచ్చి ఏళ్లయింది. ఇప్పుడు తీస్తే ఎవరు చూస్తారు?

తుపాను రోజు తీయడానికి టీవీలవాళ్లు ఉన్నారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి కొండల్లో చరియలు విరిగిపడేలా చేసింది. కెమెరాలన్నీ వారం తిరక్కుండా వెళ్లిపోయాయి. ఇప్పుడు ఆ జీడితోట మళ్లీ కాపుకొచ్చిందా, ఇల్లు కట్టుకోవడానికి చేసిన అప్పు తీరిందా, కొత్త కాలనీకి మారినవాళ్లు సముద్రం దగ్గరికి రోజూ ఎలా వెళ్లొస్తున్నారు అన్నవి ఎవరూ తీయలేదు. గంజాం తీరంలోని పొడంపేటలో సముద్రం ఇళ్లని ఒక్కొక్కటిగా తినేసింది. ఒకే గోడని ఏడాదికోసారి ఒకే చోట నిలబడి తీసినా అది గట్టి కథే. నిలబడిన చోటు గుర్తుండటానికి ఫోన్లో లొకేషన్ ఆన్ చేసుకోండి, పాత ఫొటో ప్రింటు చేత్తో పట్టుకెళ్లండి.

ఒక కథకి ఎన్ని రోజులు పడుతుంది?

సంతలో ఒక దుకాణం గురించి అయితే రెండు మూడు వారాల సంతలు చాలు. ఒక కుటుంబం గురించి అయితే నెలలు. పంట గురించి అయితే విత్తనం నుంచి అమ్మకం దాకా, తప్పించుకోలేరు. ఒక్కరోజులో అయ్యే కథలూ ఉంటాయి గానీ ఆ ఒక్కరోజు ఏదో ముందే తెలిసుండాలి.

## మనుషుల దగ్గరికి వెళ్లేటప్పుడు

ముందు అడిగి తీయాలా? అడిగితే సహజంగా ఉండరు కదా!

అడగాలి. వీధిలో, జాతరలో దూరం నుంచి తీసే జనం ఫొటో వేరు. ఒక మనిషి కథ తీస్తూ ఆ మనిషికి చెప్పకపోవడం దొంగతనమే. అడిగాక బిగుసుకుపోతారన్నది నిజం, కానీ అది మొదటి గంటే. మీరు వాళ్ల అరుగు మీద కూర్చుని టీ తాగి, మూడోసారి వచ్చేసరికి కెమెరా సంగతి మర్చిపోతారు. క్రెమ్లింగ్ డాక్టర్ అలవాటు పడేదాకా యూజీన్ స్మిత్ మొదట్లో ఫిల్ము లేని కెమెరాతో తీస్తున్నట్టు నటించాడని చెబుతారు. మీకు ఫిల్ము ఖర్చు లేదు, అంత ఉపాయం అక్కర్లేదు. ఊరికే కూర్చోండి.

అడిగేటప్పుడు ఎందుకు తీస్తున్నారో, ఎక్కడ పెడతారో కూడా చెప్పండి. ‘ఊరికే సరదాకి మావా’ అని తీసి తర్వాత పోటీకి పంపడం మోసం.

నాకు ఒడియా అంతంతమాత్రం. వాళ్లేం అనుకుంటారో అని టెన్షన్.

తీరం పల్లెల్లో, నేత వీధుల్లో, పర్లాకిమిడి బజార్లో తెలుగుతో పని జరిగిపోతుంది. లోపలి ఊళ్లకి వెళ్తే నాలుగు ముక్కలు చాలు. ‘ఆజ్ఞా, గోటే ఫొటో నేబి కి?’ అంటే ‘అయ్యా, ఒక ఫొటో తీసుకోనా?’ అని. పెద్దావిడని ‘మావుసీ’ అనండి, మీ వయసు మగాణ్ని ‘భాయి’ అనండి. తప్పులు పోతే నవ్వుతారు, ఆ నవ్వుతోనే మాట కలుస్తుంది. సవర, కుయి మాట్లాడే ఊళ్లలో మాత్రం ఆ ఊరి టీచర్నో, ఆశా కార్యకర్తనో వెంట తీసుకెళ్లండి. దుభాషిగా వచ్చిన మనిషికి ఆ రోజు కూలి ఇవ్వడం మర్చిపోకండి.

సంతలో బోండా, డొంగరియా ఆడవాళ్ల ఫొటోలు తీయచ్చా?

నా సలహా వద్దనే. ఒడిశాలో 13 తెగలని ప్రత్యేకంగా రక్షణ అవసరమైన ఆదివాసీ సమూహాలుగా గుర్తించారు. బోండాలు, డొంగరియా కోంధులు, లాంజియా సవరలు అందులో ఉన్నారు. పర్యాటకులు వాళ్ల ఫొటోలు, వీడియోలు తీయడం మీద ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. పని నిజంగా ఉంటే ముందు జిల్లా కలెక్టర్ ఆఫీసులో అడిగి అనుమతి తీసుకోవాలి.

చట్టం సరే, అసలు సంగతి వేరే ఉంది. ఒనుకుడెల్లి గురువారం సంతకి బోండా ఆడవాళ్లు అమ్ముకోడానికి, కొనుక్కోడానికి వస్తారు. వాళ్ల చుట్టూ జీపుల్లో దిగిన కెమెరాలు మూగుతాయి. పూసలు, కడియాలు, గుండు చేసిన తల దగ్గరగా తీసి, పేరు లేకుండా, ‘అమాయకపు చూపు’ అని రాసి పెడతారు. ఆవిడ ఆ రోజు ఏం అమ్మింది, ఎంతకి అమ్మింది, దళారీ ఎంత కొట్టేశాడు అన్నది ఎవరికీ పట్టదు. మీకు ఆ సంత మీద నిజంగా ఆసక్తి ఉంటే తూకం వేసే త్రాసు తీయండి, వ్యాపారి చేతి లెక్కల పుస్తకం తీయండి, కెమెరాలు పట్టుకుని మూగిన మనవాళ్లని తీయండి. చివరిదాన్ని ఎవరూ తీయరు, ఎందుకంటే అందులో మనం ఉంటాం.

ఫొటోకి డబ్బులు అడిగితే ఇవ్వచ్చా?

వాళ్ల పని ఆపించి గంటసేపు మీ కోసం కూర్చోబెడితే ఆ గంట కూలి ఇవ్వడం న్యాయం. ఫొటోకి ఇంత అని రేటు పెట్టడం మాత్రం మంచిది కాదు, డబ్బు కోసం ఏం చేయమంటే అది చేసి చూపించే పరిస్థితి వస్తుంది. నేను చూసినంతలో డబ్బు కంటే ప్రింటుకే విలువ. ఇంట్లో ముసలాయనకి ఒక్క మంచి ఫొటో లేదని ఎంతమంది చెప్పారో. 4×6 సైజు ప్రింట్లు వేయించి మీ చేతులతో మీరే ఇచ్చి రండి. వాట్సాప్‌లో పంపిస్తా అన్న మాట ఎవరూ నిలబెట్టుకోరని వాళ్లకీ తెలుసు.

పిల్లల ఫొటోలు పెట్టచ్చా?

తల్లిదండ్రుల్ని అడిగి, మామూలు సందర్భాల్లో పెట్టచ్చు. నేరంలో చిక్కుకున్న పిల్లలు, నేరానికి గురైన పిల్లలు, సంరక్షణ గృహాల్లో ఉన్న పిల్లలు ఎవరో గుర్తుపట్టేలా బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 2015, 74వ సెక్షన్ కింద నేరం. లైంగిక నేరాల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ కూడా వర్తిస్తుంది. మొహం మసక చేసినంత మాత్రాన సరిపోదు, ఇల్లు, బడి పేరు, తల్లి మొహం కనిపించినా గుర్తుపడతారు.

ఇంట్లో ఆడవాళ్లు ఫొటోకి ఒప్పుకోవట్లేదు.

అయితే తీయకండి. వంటింటి అరలు, ఆరేసిన చీరలు, చేతులు, పిలుపు వినపడి సగం తెరిచిన తలుపు తీయండి. కెమెరా పట్టుకునే అక్కో చెల్లో ఉంటే తనని పంపండి, మీకు దొరకనివి తనకి దొరుకుతాయి.

## తీసేటప్పుడు

ఫోన్ చాలా, కెమెరా కొనాలా?

మొదటి కథకి ఫోన్ చాలు. అప్పు చేసి కెమెరా కొన్నవాళ్లు ఆ అప్పు తీర్చడానికి పెళ్లిళ్ల వెంట తిరిగి కథ సంగతే వదిలేయడం బాగా తెలిసినదే. ఫోన్లో మూడు అలవాట్లు చేసుకోండి. లెన్సు తుడవడం, వేలితో జూమ్ చేయకుండా దగ్గరికి నడవడం, తెర మీద మొహాన్ని నొక్కి పట్టుకుని వెలుగుని లాక్ చేయడం. పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి. వెనకాల ఉన్న ఇంటిని మసక చేసేస్తే కథలో సగం పోయినట్టే.

ఎలాంటి ఫొటోలు ఉండాలి? ఏదో లిస్టు ఉంటుందట కదా?

ఉంది, దాన్ని పట్టుకుని వేలాడకండి. ఊరు ఎక్కడుందో తెలిసే దూరపు ఫొటో ఒకటి, మనిషి మొహం స్పష్టంగా ఉన్నది ఒకటి, పని చేస్తున్న చేతులు, వాడే పనిముట్టు, ఆ మనిషికీ ఇంకో మనిషికీ మధ్య ఏదైనా జరుగుతున్న ఫొటో, పని తర్వాతి ఖాళీ. మొదట్లో అందరి దగ్గరా చేతులు, మొహాలు బోలెడు ఉంటాయి. ఇద్దరు మనుషుల మధ్య జరిగే ఫొటో ఒక్కటీ ఉండదు. అప్పులవాడు గుమ్మంలో నిలబడటం, తండ్రి లెక్క చెప్తుంటే కొడుకు ఫోన్ చూసుకోవడం, షావుకారు చీర మడత విప్పి తప్పు వెతకడం, అవి కావాలి.

మగ్గం ఇల్లు చీకటి. ఫ్లాష్ వేస్తే బాగోదు, వేయకపోతే మసక. ఏం చేయాలి?

ఫ్లాష్ వద్దు. పట్టు మీద ఫ్లాష్ పడితే జరీ తెల్లటి మచ్చలా కాలిపోతుంది, నేతగాడి కంటికి ఇబ్బంది, గది లోతు పోతుంది. ముందు వెలుగు ఎటు నుంచి వస్తోందో చూడండి. మగ్గాన్ని సాధారణంగా కిటికీ దగ్గరే వేస్తారు, పోగు తెగితే కనపడాలి కదా. మీరు కిటికీకి పక్కగా నిలబడితే పడుగు దారాల మీద వెలుగు గీతలు గీతలుగా పడుతుంది, మొహం సగం వెలిగి సగం నీడలో ఉంటుంది. ఆ నీడని భయపడి ఎత్తేయకండి.

కెమెరా అయితే ఐఎస్ఓ (తక్కువ వెలుగుని కూడా పట్టే సెట్టింగు) 1600, 3200కి పెంచడానికి వెనకాడద్దు. కాస్త గరుకుగా వచ్చినా పర్వాలేదు, కదిలిపోయిన మొహం బాగుపడదు. నాడె (మగ్గం మీద అటూ ఇటూ దారం మోసేది) ఎగిరేది కదలకుండా పట్టాలంటే షట్టర్ వేగం 1/500 సెకను దాకా కావాలి. నాడె గీతలా సాగి, మనిషి నిలకడగా ఉండాలంటే 1/15 పెట్టి కెమెరాని గోడకో గుంజకో ఆనించండి. రెండూ తీసి చూసుకోండి, కథని బట్టి ఏది కావాలో తెలుస్తుంది. ట్యూబులైటు, ఎల్ఈడీ వెలుగులో అడ్డచారలు వస్తుంటే షట్టర్ 1/50 లేదా 1/100కి మార్చండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చారలు పోతాయి. కిటికీ వెలుగు నీలంగా, బల్బు వెలుగు పచ్చగా కలిసిపోతే బల్బు ఆర్పమని అడగాలనిపిస్తుంది. పని నడుస్తుండగా అడక్కండి. భోజనానికి లేచినప్పుడు అడిగితే ఒప్పుకుంటారు.

ఇంకో మాట. బరంపురం పట్టు అంచులో గుడి గోపురాల వరసలాంటి కుంభం ఉంటుంది, అది ఈ ఊరి చీరకి గుర్తు. దాన్ని ఒక్కసారైనా నిదానంగా, దారం దారం కనపడేలా దగ్గరగా తీయండి.

సముద్రం ఒడ్డున ఎండకి మొహాలు నల్లగా వస్తున్నాయి.

మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రం వైపు నుంచి వస్తాడు. పొద్దున్నే సముద్రం వైపు తిరిగి తీస్తే మనుషులు నీడబొమ్మలవుతారు. నీటి వైపు వీపు పెట్టి ఊరి వైపు తిరగండి, మొహాల మీద వెలుగు పడుతుంది, వెనకాల ఇళ్లు కూడా వస్తాయి. ఎండ ఎక్కాక తాటాకు పందిరి కిందకో, పడవ నీడలోకో మారండి. ఉప్పుగాలిలో లెన్సు మార్చద్దు. ఇంటికొచ్చాక కెమెరాని కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి, తర్వాత పొడిగుడ్డతో తుడవండి.

రుషికుల్యలో తాబేళ్లు గుడ్లు పెట్టేది తీయాలని ఉంది.

ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిలో రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట వేలాదిగా ఒడ్డుకి వస్తాయి. వన్యప్రాణి రక్షణ చట్టం 1972 మొదటి షెడ్యూలులో ఉన్న జీవి అది. అటవీ శాఖవాళ్లు చెప్పిన గీత దాటద్దు, ఫ్లాషూ ఫోన్ టార్చీ రెండూ వద్దు. దాదాపు యాభై రోజులకి పిల్లలు గుడ్లలోంచి వచ్చి, వెలుగున్న వైపే సముద్రం అనుకుని పాకుతాయి. మీ టార్చి వెలిగితే మీ వైపు వచ్చి చస్తాయి. తెల్లవారుజామున, మిగిలిన తాబేళ్లు తిరిగి వెళ్లే వేళ మామూలు వెలుగులోనే మంచి ఫొటోలు వస్తాయి. నా దృష్టిలో తాబేలు కంటే కథ ఉన్నది రాత్రంతా ఒడ్డున కాపలా తిరిగే ఊరి కుర్రాళ్ల దగ్గర, ఆ సీజన్‌లో వేట ఆగిపోయిన పడవల దగ్గర.

‘ఇలా నిలబడండి, మళ్లీ ఒకసారి చేయండి’ అనచ్చా?

మనిషి బొమ్మ కోసం తీసేటప్పుడు అనచ్చు. చూసేవాడికి కూడా అది నిలబెట్టి తీసినట్టే కనపడాలి. జరిగినట్టు చూపించే ఫొటోలో అనకూడదు. ఏడవమని, పూజ మళ్లీ చేయమని, వల మళ్లీ విసరమని అడిగిన ఫొటో కథలో పెట్టారంటే మిగతావాటిని కూడా నమ్మరు.

డ్రోన్ ఎగరేయచ్చా?

డ్రోన్ నియమాలు 2021 ప్రకారం 250 గ్రాముల లోపు వాటికి పైలట్ లైసెన్సు అక్కర్లేదు. చోటు మాత్రం చూసుకోవాల్సిందే. గోపాల్‌పూర్‌లో సైన్యం వాయు రక్షణ కాలేజీ ఉంది, అలాంటి చోట్ల ఎగరేస్తే కెమెరా పోవడంతో ఆగదు. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జోన్లు చూసుకున్నాకే తీయండి. అయినా పై నుంచి తీసిన ఊరు అన్ని ఊళ్లలాగే ఉంటుంది.

## ఏరి, వరస పెట్టేటప్పుడు

వందల ఫొటోలు ఉన్నాయి. ఎన్ని ఉంచాలి?

ఎనిమిది నుంచి పదిహేను. మొదటి రోజే ఏరకండి, తీసినప్పటి కష్టం గుర్తుండి పనికిరానివి కూడా ప్రాణంగా అనిపిస్తాయి. వారం ఆగి, చిన్న ప్రింట్లు వేయించి నేల మీద పరవండి. ఒకే మాట చెప్పే ఫొటోలు రెండుంటే ఒకటి తీసేయండి, అందంగా ఉన్నా సరే. కథ తెలియని మనిషిని, మీ అమ్మని అయినా, పిలిచి చూపించి ఏం అర్థమైందో చెప్పమనండి. మధ్యలో మీరు నోరు విప్పకూడదు.

వరస ఎలా పెట్టాలి? తీసిన తేదీల ప్రకారమా?

తేదీలు తెలిస్తే మంచిదే, వాటికి కట్టుబడక్కర్లేదు. పెళ్లి పంక్తిలో వడ్డనకి ఒక క్రమం ఉన్నట్టే దీనికీ ఉంది, ముందే పెరుగు వేస్తే ఎవరూ కూర్చోరు. మొదటి ఫొటో అన్నిటికంటే అందమైనది కానక్కర్లేదు, అడుగు లోపల పెట్టించేది కావాలి. బరంపురం నేత ఇంటి కథ అనుకుందాం. పూర్తయిన చీర మెరుపుతో మొదలుపెడితే ఇంక చెప్పడానికేం లేదు. ఖాళీ మగ్గంతో మొదలుపెడితే ‘ఇది ఎందుకు ఆగింది?’ అనే ప్రశ్న పుడుతుంది. తర్వాత పక్క మగ్గం మీద పెద్దాయన, కండెలు చుడుతున్న ఆవిడ, గోడ మీద సూరత్ వెళ్లిన కొడుకు ఫొటో, వీడియో కాల్లో అతని మొహం, షావుకారు దుకాణంలో బేరం. ఖాళీ మగ్గం ఎవరిదో ఇప్పుడు తెలుస్తుంది, మాటలతో చెప్పక్కర్లేదు.

దూరపు ఫొటో తర్వాత దగ్గరది, జనం తర్వాత ఒంటరి మనిషి, చీకటి గది తర్వాత ఆరుబయలు వస్తే కన్ను అలసిపోదు. మూడు మొహాలు వరసగా పెట్టకండి. చివరి ఫొటోకి సూర్యాస్తమయం, నడిచి వెళ్లిపోతున్న వీపు అందరూ వాడేశారు. కథలో సంగతి ఇంకా తేలకపోతే తేలనట్టే వదిలేసే ఫొటో పెట్టండి.

బ్లాక్ అండ్ వైట్ చేస్తే సీరియస్‌గా ఉంటుందా?

ఉండదు. పేదరికం కనపడగానే రంగు తీసేయడం ఓ చెడ్డ అలవాటు. మన వీధుల్లో పసుపు గోడ, నీలం తలుపు, ఎర్రంచు చీర కథలో భాగం. రంగు అడ్డం వస్తున్నప్పుడు, వెలుగు నీడలే విషయమైనప్పుడు మాత్రం తీసేయండి.

ఎడిటింగ్‌లో ఎంతవరకు మార్చచ్చు?

వెలుగు, రంగు సరిచేయడం, అంచులు కత్తిరించడం, వంకర సరిచేయడం వరకే. ఉన్నదాన్ని తీసేయడం, లేనిదాన్ని పెట్టడం వద్దు. కరెంటు తీగ అయినా, మూలన ప్లాస్టిక్ బకెట్ అయినా. ఏఐ యాప్ ఆకాశం మార్చేస్తుంది, చర్మం నున్నగా చేస్తుంది, దానికి అలవాటు పడితే మీ ఫొటో మీకే సాక్ష్యంగా పనికిరాదు. పెద్ద పోటీలవాళ్లు అసలు ఫైల్ అడిగి పోల్చి చూస్తారు, కాబట్టి వీలైతే రా ఫైళ్లు (కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచే అసలు ఫైళ్లు) దాచుకోండి. రెండు చోట్ల దాచండి, అందులో ఒకటి ఇంటి బయట ఉండాలి. తుపాను నేలలో ఉన్నాం.

## ఫొటో కింద రాసేటప్పుడు

క్యాప్షన్‌లో ఏం రాయాలి? ఫొటోయే మాట్లాడాలంటారు కదా.

ఫొటో మాట్లాడుతుంది గానీ పేరు చెప్పదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం జరుగుతోంది, ఫొటోలో కనపడని ముఖ్యమైన సంగతి ఒకటి. అంతే. ‘కష్టజీవి కన్నీటి గాథ’ అని రాస్తే ఆ మనిషి మాయమై మీ జాలి మిగులుతుంది. దానికి బదులు ముందు ఆయన పేరు రాసి, ‘దేశిబెహెరా వీధి, బరంపురం, మార్చి 2025. పెళ్లి చీర అంచు పూర్తి చేస్తున్నారు. ఇద్దరు కొడుకులూ సూరత్‌లో ఉంటున్నారు’ అనండి. వయసు, కూలి, అప్పు లాంటివి రాసే ముందు ఆ ఇంటివాళ్లకి చదివి వినిపించండి. అంకెలు తప్పు రాయడం వల్ల వీధిలో గొడవలు అవుతాయి.

తెలుగులో రాయాలా, ఒడియాలోనా? ఊరి పేర్లు ఏవి వాడాలి?

ఎవరి కథో వాళ్లు చదవగలిగే లిపిలో ఒకటి తప్పకుండా ఉండాలి. మన దగ్గర తెలుగు మాట్లాడి ఒడియా మాత్రమే చదవగలిగే పిల్లలు చాలామంది, కాబట్టి రెండూ పెట్టడం మేలు. తెలుగులో బరంపురం, పర్లాకిమిడి అనే రాయండి. వెతికేవాళ్ల కోసం ఒకసారి బ్రహ్మపూర్, పారలాఖేముండి అని కూడా చెప్పండి.

## బయటపెట్టాక

ఎక్కడికి పంపాలి? ఎవరు వేసుకుంటారు?

పల్లె కథలకి పాలగుమ్మి సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా ఉంది. ఫొటో కథలు వేస్తారు, తెలుగులోనూ ఒడియాలోనూ వస్తాయి. పంపే ముందు వాళ్లు ఇప్పటికే వేసినవి చదవండి. అన్నిటికంటే ముందు మీ వీధిలో చూపించండి. గుడి మండపంలోనో క్లబ్బు గదిలోనో తాడు కట్టి, బట్టల క్లిప్పులతో ప్రింట్లు వేలాడదీస్తే చాలు. తప్పులేమైనా ఉంటే ఆ సాయంత్రమే బయటపడతాయి.

వాట్సాప్‌లో పంపితే క్వాలిటీ పోతోంది. పెద్ద ప్రింట్ వస్తుందా?

వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, ఫైల్ తగ్గదు. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫొటో 4000×3000 పిక్సెళ్లు ఉంటుంది. 12×18 అంగుళాల ప్రింటుకి అది సరిపోతుంది, అంగుళానికి 220 పిక్సెళ్ల దాకా వస్తాయి. జూమ్ చేసి తీసినవి, కత్తిరించినవి మాత్రం అంత పెద్దవి చేయలేరు.

నా ఫొటో ఎవరో వాడేసుకున్నారు. హక్కు నాదేనా?

మీ అంతట మీరు తీసింది అయితే మీదే. ఏ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. 2012 సవరణ తర్వాత ఫొటో మీద హక్కు తీసినవాళ్ల జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. పెళ్లి ఫొటోలవాళ్లు ఇక్కడ జాగ్రత్త. కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు డబ్బిచ్చినవాళ్లే. ఆ పెళ్లిలో తీసిన మంచి ఫొటో మీ కథలో వాడుకోవాలంటే బుకింగ్ కాగితం మీదే ఒక వాక్యం రాయించుకోండి.

ఒప్పుకుని తీయించుకున్నవాళ్లే ఇప్పుడు ఫొటో తీసేయమంటున్నారు.

తీసేయండి. ముందు ఎందుకో అడగండి. చాలాసార్లు ఫొటోతో పేచీ ఉండదు, క్యాప్షన్‌లో ఒక మాటతోనే ఉంటుంది. కూతురికి సంబంధం చూస్తున్నారు, అప్పు సంగతి అందరికీ తెలిసింది, అన్నదమ్ములు విడిపోయారు. మాట మారిస్తే సరిపోతుందంటే మార్చండి. సరిపోదంటే వాదించకుండా మీ పేజీలోంచి తీసి, పత్రికకి కూడా ఆ రోజే రాయండి. అచ్చయిపోయిన కాగితాన్ని వెనక్కి తేలేమని వాళ్లకి ముందే, తీసే రోజే చెప్పి ఉండాలి.